పాము పెంచు గదిలో గాలి



నేటి నా ప్రసంగవిషయము వినినంతనే మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. పాము కనబడినచో కఱ్ఱ వెదకుకొను మనకు, పాము పెంచు గదిలో గాలి యెట్లు ప్రసరింపవలెనను చర్చతో పని యేమని మీ రడుగవచ్చును. నేనును ఒకప్పు డట్లే నవ్వినవాడను. కాని 2018వ సంవత్సరము డిసెంబరు మాసమున, డెబ్బది యేండ్లు నిండిన నా తెలివితక్కువచేత ఒక మూగజీవి ప్రాణముమీదికి వచ్చినది. ఆ సంగతి దాపఱికము లేక చెప్పి, అందువలన నేను నేర్చుకొన్న నాలుగు మాటలు మీ ముం దుంచుటకు వచ్చితిని.

ముందుగా నొక మాట మనవి చేయుదును. మన దేశపు పాములను పట్టి యింటిలో పెంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ఇంటిలోనికి పాము వచ్చినచో దూరముగా నుండి అటవీశాఖవారికి కబురు చేయుటయే మన విధి. నేను చెప్పబోవునది మన యూరి మాట కాదు. అమెరికా దేశమున ఒహాయో రాష్ట్రమునందలి కొలంబస్ నగరమున నా కుమారుని యింట జరిగినది.

నా మనుమనికి అప్పుడు పదమూడేండ్లు. వాడు మేడమీది చిన్నగదిలో, అద్దపు పెట్టెలో, ఒక పామును పెంచుచుండెను. దానిని బాల్ పైథాన్ అందురు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశములు దాని పుట్టినిల్లు. విషము లేదు. బెదరినప్పుడు తలను నడుమ దాచుకొని బంతివలె చుట్టుకొనును గనుక దాని కా పేరు కలిగినది. పెరిగినది మూడు మొదలు ఐదడుగుల నిడివి యుండును. మనుష్యుల పోషణలో ఇరువది ముప్పది సంవత్సరములు బ్రదుకును. మా వాడు దానికి రాజా యని పేరు పెట్టుకొనెను.

నాకు పా మనిన ప్రాణభయము. నా పదవయేట, కళ్లమునకు కాపలా పండుకొన్న మా పాలికాపు కట్లపాము కాటుచే తెల్లవారుసరికి చనిపోయెను. వాని భార్య మా గుమ్మమున కూలబడి యేడ్చిన యేడుపు నేటికిని నా చెవులలో నున్నది. విషము లేని పామని యెందఱు చెప్పినను ఆ భయము నన్ను విడువలేదు. మనుమని గది ముందునుండి పోవలసి వచ్చినప్పుడు గోడ నానుకొని పోవుచుండెడివాడను.

క్రిస్మస్ సెలవులలో నా కుమారుడును కోడలును పిల్లవానితో పొరుగు రాష్ట్రమునకు, ఒక శుభకార్యమునకు బయలుదేరిరి. మోకాళ్ల నొప్పిచేత నే నింటనే యుండిపోతిని. ప్రయాణమునకు ముందు మనుమడు నా చేయి పట్టుకొని పెట్టెకడకు తీసికొనిపోయెను.

“తాతయ్యా! ఆరు రోజులు రాజాని నువ్వే చూసుకోవాలి. మూత తియ్యక్కర్లేదు. గిన్నెలో నీళ్లున్నాయో లేవో, ఈ ముల్లు యాభై దాటి ఉందో లేదో చూడు. అంతే!”

“తిండి పెట్టవద్దట్రా?” అని యడిగితిని.

“మొన్ననే తిన్నాడు. ఇంకో వారం దాకా ఏమీ అక్కర్లేదు.”

ఆ ముల్లు పెట్టెలోని గాలియందలి తేమను కొలుచునది. పెట్టెకు పైన సన్నని తీగజాలి మూత యుండెను. అడుగున ఒక ప్రక్క విద్యుత్తుచే వెచ్చబడు పలక యుండెను. గదినేలలో ఒక కంతనుండి, ఇంటి నంతయు వెచ్చబఱచు యంత్రపు గాలి వచ్చుచుండెను. తలుపుక్రింద రెండంగుళముల సందు కలదు. ఇవి యన్నియు ఎందు కట్లున్నవో ఆలోచించు తెలివి అప్పుడు నాకు లేదు.

మొదటి రాత్రియే పాము మేలుకొని మూతివఱకు లేచి జాలిని ముక్కుతో రాయుచుండెను. ఆ చప్పుడు వినిన నాకు నిద్ర యెక్కడిది? మఱునాడు భోజనపుబల్లమీద పఱచు ప్లాస్టిక్ దుప్పటి తెచ్చి జాలిమీద కప్పితిని. దానిపై కంబళి, కంబళిపై నాలుగు లావుపాటి పుస్తకములు పెట్టితిని. నేలలోని కంతగుండ పాము పోయి యిల్లంతయు తిరుగునేమో యని దానిని మూసి తువ్వాలు కుక్కితిని. తలుపుక్రింది సందులో పాతగుడ్డలు దూర్చితిని. బయట మంచు కురియుచున్నందున కిటికీ ముందే మూసియున్నది. ఇట్లు గాలి చొరరాని కోట యొకటి కట్టి, ఇక భయము లేదని హాయిగా పండుకొంటిని.

మూడవనాడు పాము నీటిగిన్నెను దొర్లించెను. క్రింద పఱచిన కొబ్బరిపీచు తడిసిపోయెను. నాలుగవనాడు అందులోనే మలవిసర్జనము చేసెను. నేను మూత తీయుదునా? అద్దమునకు లోపల చెమట పట్టినది. ముల్లు తొంబదికి పోయినది. యాబది దాటవలెనని గదా పిల్లవాడు చెప్పినాడు, తొంబది దాటినది, ఇంకను మంచిదే యని సంతోషించితిని!

ఆఱవనాటి ప్రొద్దున తలుపు తీయగనే ఘాటు నా ముక్కు కెక్కినది. పెండ తీయని పశువులకొట్టము తలుపు వానకాలమున వేకువను తెఱచినప్పు డెట్టి ఘాటు వచ్చునో మీకు తెలియును. అదే ఘాటు. పాము పెట్టె మూలకు చేరి తల పైకెత్తి యుండెను. నోరు కొంచెము తెఱచి యున్నది. పెదవిమూలల నురుగుబుడగలు కనబడెను. ఊపిరి తీయునప్పు డెల్ల సన్నని యీలవంటి ధ్వని వచ్చుచుండెను. అట్లు తల పైకెత్తి నోరు తెఱచుట ఊపిరికై పడు పాటని తరువాత తెలిసినది.

మధ్యాహ్నమునకు వారు వచ్చిరి. పిల్లవాడు మేడ యెక్కి, పుస్తకములు, కంబళి, ప్లాస్టిక్ దుప్పటి ఒకటొకటిగా తీసివేసెను. పామును చేతులలోనికి తీసికొని దాని మొగమువంక చూచెను. వాని కన్నుల నీరు నిండినది. నన్ను తిట్టునని యెదురు చూచితిని. వాడు తిట్టలేదు.

“తాతయ్యా! నీకు భయమేసిందా?” అని మాత్రమే యడిగెను.

ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను. ఆ సాయంకాలమే పశువైద్యురాలికడకు నేనును వెంట పోతిని.

ఆమె పామును పరీక్షించి, ఊపిరితిత్తులకు రోగము సోకినదని చెప్పెను. మూడు దినముల కొకటి చొప్పున కొన్ని వారములు సూదిమందు ఇవ్వవలెననెను. పిమ్మట నా కుమారునిచేత నాకు విషయ మంతయు బోధపఱపించెను. ఆ బోధ వినదగినది.

మనకు ఱొమ్మునకును కడుపునకును నడుమ ఒక కండరపు తెర యున్నది. అది క్రిందికి దిగినప్పుడు గాలి లోనికి వచ్చును. పామున కా తెర లేదు. ప్రక్కటెముకలను కదల్చియే అది గాలి పీల్చును. పెక్కు పాములకు కుడి ఊపిరితిత్తి యొకటే పని చేయును. ఎడమది నామమాత్రము. పైథాను జాతికి ఎడమది చిన్నదిగా నున్నను కలదు. ఊపిరితిత్తి పొడవైన సంచివలె నుండును. ముందుభాగము రక్తమునకు ప్రాణవాయువు నందించును. వెనుకభాగము వట్టి గాలితిత్తి. ఇక ముఖ్యమైన మాట యేమనగా, పాము మనవలె గట్టిగా దగ్గి కఫమును బయటికి నెట్టలేదు. లోపల చేరిన చెడుగు లోపలనే నిలిచిపోవును. కావున మనకు పడిసెముతో పోవునది దానికి ప్రాణాంతకము కాగలదు.

“గాలి చాలక ఊపిరాడలేదా?” అని నే నడిగితిని. ఆమె కాదనెను. పాము చల్లని రక్తముగల జంతువు. కదలక పడియున్న పామునకు కావలసిన ప్రాణవాయువు మిక్కిలి స్వల్పము. దానికి చేటు చేసినది గాలి కొఱత కాదు, గాలి నిలువ. తడిసిన పీచులో మలమూత్రములు కుళ్లి అమ్మోనియా యను ఘాటువాయువు పుట్టినది. అది గొంతులోని మెత్తని పొరను పుండు చేసినది. నిలిచిన తేమలో బూజును సూక్ష్మజీవులును పెరిగినవి. వెచ్చగాలి కంత నేను మూసినందున గది చల్లబడినది. చల్లబడిన పామునకు రోగముతో పోరాడు శక్తి తగ్గును. తేమయు, చలియు, మురికియు మూడును ఒకచోట చేరినవి. ఆ మూటికిని తలుపులు మూసి కాపలా కాచినవాడను నేను.

మీలో పెద్దలు ఇచ్చట ఒక ప్రశ్న వేయవచ్చును. పాము పుట్టలో నుండు జంతువు గదా, పుట్టలో గాలి యెక్కడిది? నేనును ఇదే యడిగితిని. జవాబు మా మనుమడు చెప్పెను. అది మన దేశపు పుట్టలనుండియే వచ్చిన జవాబు. చెదపురుగులు కట్టిన పుట్టలలో గాలి యెట్లు తిరుగునో ఎల్. మహదేవన్ మొదలగు శాస్త్రజ్ఞులు బెంగళూరు ప్రాంతమున కొలిచి 2015వ సంవత్సరమున ప్రకటించిరి. పుట్టగోడ చూచుటకు గట్టిదే కాని సన్నని రంధ్రములు గలది. పగలు ఎండకు పుట్టయొక్క వెలుపలి మడతలు ముందుగా వేడెక్కును. అందలి గాలి పైకి లేచును, నడిమి గొట్టములోని గాలి క్రిందికి దిగును. రాత్రి వెలుపలి మడతలు ముందుగా చల్లాఱును. అప్పుడు గాలి యెదురుదారిని నడచును. ఇట్లు లోపలి చెడుగాలి గోడగుండ బయటికి పోవును. మనము మట్టిగుట్ట యనుకొను పుట్ట పగలొక తీరున, రాత్రి యొక తీరున ఊపిరి తీయుచున్నది! మా వాని పాము జాతియు ఆఫ్రికాలో ఎలుకబొరియలలోను చెదపుట్టలలోను నివసించును. నేను దానికి కట్టినది పుట్ట కాదు, మూత బిగించిన సీసా.

దక్షిణదేశమున ఇంకొక నిదర్శనము కలదు. మహాబలిపురమునకు సమీపమున వడనెమ్మేలి యను నూర ఇరులవారు 1978లో ఏర్పఱచుకొన్న పాములు పట్టువారి సహకార సంఘ మున్నది. పాముకాటు మందు చేయుటకు కావలసిన విషమును వారు సేకరించి యిత్తురు. అనుమతితో పట్టిన పాములను కొలదివారములు మట్టికుండలలో నుంచి, పిమ్మట మరల విడిచివేయుదురు. కుండలో ఇసుక పోసి, పాము నుంచి, మూతికి నూలుగుడ్డ కట్టుదురు. ఇసుక తడిని పీల్చుకొనును, మట్టికుండ చల్లగా నుండును, గుడ్డగుండ గాలి యాడును. నాగుబామును చేత పట్టువారు గుడ్డ చాలుననుకొనిరి. విషము లేని పాముమీద నేను కంబళియు పుస్తకములు వేసితిని.

రాజాను వైద్యురాలు నాలుగు దినములు తనయొద్దనే యుంచుకొనెను. ఆ నాలుగు దినములలో నేనును మనుమడును కలిసి గదిని చక్కబఱచితిమి. గాలి కంటికి కనబడదు గదా, దాని దారి తెలియు టెట్లు? నాకు పూజగదిలోని అగరువత్తి జ్ఞాపకము వచ్చినది. పాము లేని సమయము గనుక ఒకటి వెలిగించి గదిలో మెల్లగా త్రిప్పితిమి. తలుపుక్రింది సందుకడ పొగ లోనికి వంగెను. నేల కంతకడ పైకెగసెను. కిటికీ పైఱెక్కను వేలెడు తెఱచినంతనే పైపొగ యటు సాగెను. కాని పెట్టె యున్న మూలలో పొగ నిట్టనిలువుగా లేచి అక్కడనే సుళ్లు తిరిగెను. “తాతయ్యా! ఇక్కడ గాలి చచ్చిపోయింది!” అని పిల్లవాడు కేక వేసెను. పెట్టెను ఆ మూలనుండి జరిపితిమి. అట్లని కిటికీకిని తలుపునకును నడుమ ఈదర తగులుచోట పెట్టలేదు. ప్రక్కగా నుంచితిమి.

అప్పుడు మేము వ్రాసి గోడ కంటించుకొన్న నియమములను మీకు చెప్పెదను.

మొదటిది: గాలికి రాకయు పోకయు రెండును కావలెను. ఒక్క కంత యున్నచో గాలి నడువదు. రాకకు క్రింద, పోకకు పైన, వీలైనంతవఱకు ఎదురెదురు గోడలయందు దారు లుండవలెను. వెచ్చని గాలి పైకి లేచి పోవుచుండగా చల్లనిది క్రిందనుండి వచ్చును.

రెండవది: గది వేఱు, పెట్టె వేఱు. గదిలో గాలి యెంత మంచిదైనను పెట్టెకు దారులు లేనిచో పామునకు ఫలము లేదు. పెట్టెకును క్రిందొకటి పైనొకటి జాలికంత లుండవలెను. తేమ నిలుపుటకు జాలిలో కొంతభాగము మూయవచ్చును గాని అంతయు మూయరాదు. ఏ కంతయైనను పాముతల దూఱనంత సన్నదిగా నుండవలెను. తల దూఱిన చోట ఒడలును దూఱును. నా భయమునకు సరియైన మందు గట్టి జాలియు, గొళ్లెమును. కంబళి కాదు.

మూడవది: గాలి వేఱు, ఈదర వేఱు. పంకా గాలిగాని చలిగాలిగాని నేరుగా పాముపై కొట్టరాదు. తన యొడలి వేడిని తాను పుట్టించుకొనలేని జంతు వది. పెట్టెలో ఒక కొస సుమారు 32 సెంటిగ్రేడు డిగ్రీలు, రెండవ కొస సుమారు 26 డిగ్రీలు ఉండిన, తనకు కావలసిన చోటికి అదియే జరుగును. 1927లో లండను జంతుశాలయందు జోన్ ప్రాక్టర్ అను విదుషి రూపొందించిన సరీసృపశాల తెఱువబడెను. అందును ఒక్కొక గూటికి తగిన వేడిమి వేఱువేఱుగా నమర్చిరి.

నాలుగవది: తేమకొక హద్దు కలదు. ఈ జాతికి నూటికి 50 మొదలు 60 వఱకు, కుబుసము విడుచు దినములలో కొంత హెచ్చుగా ఉండిన చాలును. దినమంతయు అద్దము చెమర్చుచున్నచో హద్దు మీఱినదని తెలిసికొనవలెను. నీటిగిన్నె దొర్లని బరువుగలదై యుండవలెను.

ఐదవది: గాలి శుభ్రతకు బదులు కాదు. మలమును, తడిసిన పఱుపును ఆనాడే తీసివేయవలెను. ఘాటును అగరుపొగతోను అత్తరులతోను కప్పుట తప్పు. దోమలచుట్ట కాల్చరాదు. ఫినాయిలువంటి మందులు పాములకు విషము.

ఆఱవది: చలికాలమున కిటికీని దినమంతయు సందుగా తెఱచియుంచుటకంటె, ప్రొద్దునను సాయంకాలమును కొన్ని నిమిషములు బాగుగా తెఱచి మూయుట మేలు. గాలి మాఱును, గోడలలోని వేడి నిలుచును. ఆ కొద్దిసేపును పెట్టెకు చలి తగులకుండ చూచుకొనవలెను.

ఇన్ని మాటలు పాముకొఱకే చెప్పుచున్నానా? కాదు. స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట, మా యూర బంధువులయింట బాలింతను చూడ పోతిని. మాఘమాసపు చలి. కిటికీకి గోనెపట్ట కొట్టిరి. తలుపుసందులలో గుడ్డలు కుక్కిరి. మంచముక్రింద కుంపటిలో బొగ్గులు రగులుచున్నవి. గోడమీద చెమ్మ దిగియున్నది. ఆ గుడ్డలు చూడగానే నా చేతులే నాకు జ్ఞాపకము వచ్చినవి. వారు చేసినది ప్రేమచేతనే. బిడ్డకు చలి తగులునను భయముచేతనే. కాని మూసిన గదిలో బొగ్గు కాలినచో కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణము తీయగలదు. ఆ యింటి పెద్దామెతో, “అక్కయ్యా! కుంపటి బయట పెట్టించు. పిల్లకు వెచ్చగా గుడ్డలు చుట్టు. పై కిటికీ కొంచెం తియ్యి” అని చెప్పితిని. ఆమె మొదట ఒప్పుకొనలేదు. అప్పుడు పాముకథ యంతయు చెప్పితిని. నవ్వుచు వినినది. విని, లేచి, తానే కుంపటి బయటికి తీయించినది.

ఊరిలో పెద్దలమైన మన మాట పదియిండ్లలో చెల్లును. బాలింతగది, వృద్ధుల గది, వంటయిల్లు, పశువులకొట్టము – వీనిలో ఒక్కొకదానికి గాలి వచ్చు దారి యేది, పోవు దారి యేది యని ఒక్కమారు చూడుడు. నివురు లేచు పుల్ల యొకటి చేతనుండిన గాలి దారి మీకే కనబడును.

రాజా బ్రదికినది. ఐదువారముల పిమ్మట నోరు మూసికొని నిమ్మళముగా ఊపిరి తీయుచు, మరల ఆహారము ముట్టినది. నేను బయలుదేరు నాడు పిల్లవాడు దానిని చేతికి చుట్టుకొని వచ్చి, “తాతయ్యా! ఒక్కసారి ముట్టుకో” అనెను. చేయి వణకినది. అయినను రెండువ్రేళ్లతో ముట్టితిని. నేననుకొన్నట్లు జిగటగా లేదు. పొడిగా, నునుపుగా ఉండెను. వ్రేళ్లక్రింద ప్రక్కటెముకలు మెల్లగా విచ్చుకొని మరల ముడుచుకొనెను. అది ఊపిరి తీయుచున్నదని తెలిసినది.